చిన్న ఊద్‌కు శ్రుతి

"కూర్చోండి షేక్ గారూ, కుర్చీ కరవదు" అని తీగవాయిద్యాలు చేసే ఉస్తా ఫంగరీ మళ్ళీ అన్నాడు. నేను మళ్ళీ కూర్చోలేదు. ఆ కుర్చీ వీధికి ఎదురుగా ఉంది, వీధేమో ముహమ్మద్ అలీ వీధి, సాయంత్రపు అసర్ నమాజు అయ్యాక మా పేటలో సగం మందికి ఈ దారిలోనే ఏదో ఒక పని, ఒకడికి మంచం కోళ్ళు, ఒకడికి అల్మరా తలుపు, వాళ్ళలో ఒక్కడు తల తిప్పి చూస్తే చాలు, తలపాగా, జుబ్బా, చేతిలో తస్బీ మాల, చుట్టూ గోడల నిండా ఊద్‌లు, పొద్దుగూకే మగ్రిబ్ వేళకి మసీదు మెట్ల మీద చెప్పులు విప్పే ప్రతివాడికీ తెలిసిపోతుంది, మన మసీదు మౌజన్ షేక్ బయ్యూమీ తీగవాయిద్యాల కొట్లో కుర్చీ వేసుకుని కూర్చున్నాడట అని. అందుకని తలుపు రెక్క చాటున నిలబడ్డాను. నిలబడితే దారిన పోతూ చిరునామా అడగడానికి ఆగినవాడిలా ఉంటాననుకున్నాను. తస్బీ పూసలు వేళ్ళ మధ్య పరుగెడుతున్నాయి, నాలుక మీద జపం లేదు, ఊరికే పూసలు. ఎదురు మేడ గోడ మీద ఎండ పసుపు రంగు వదిలి నారింజలోకి దిగుతోంది, నేను పొద్దు గూకేలోగా మసీదుకి చేరాలి, ఇఖామత్ చెప్పాలి, ఈ మనిషేమో తీరిగ్గా టీ గ్లాసులో చక్కెర తిప్పుతున్నాడు.

"నాన్నా, నువ్వు వెలుతురికి అడ్డం ఉన్నావు" అంది షురూఖ్.

పదేళ్ళ పిల్ల. ఎత్తు పీట మీద కూర్చుంటే కాళ్ళు నేలకి అందడం లేదు. అవి ఊపకుండా ఉండటానికి ఎంత కష్టపడుతోందో నాకు కనిపిస్తోంది, పెద్దమనిషిలా ఉండాలని వాళ్ళమ్మ చెప్పి పంపింది. అసలు రావాల్సింది వాళ్ళమ్మే. ఇన్సాఫ్‌కి ఆసుపత్రిలో సాయంత్రం డ్యూటీ పడింది. పిల్లల సంగీత తరగతిలో సీటు దొరికిందన్న రోజే ఆ పంతులమ్మ తల్లులందరికీ చెప్పిందట, గుట్టలుగా పోసి అమ్మే బొమ్మ ఊద్‌లు కొనకండి, బిరడాలు నిలవవు, పిల్లల చెవి పాడవుతుంది, చేత్తో చేసినది కొనండి, పిల్ల ఒంటికి సరిపడేది చూడండి, చెవి ఉన్న మనిషిని వెంట తీసుకెళ్ళండి అని. ఇన్సాఫ్ అన్నం దగ్గర ఆ మాటలన్నీ అప్పజెప్పి నా వైపు చూసింది. "చెవి ఉన్న మనిషంటే ఈ సందులో ఎవరండీ? గాడిద అరిస్తే అది ఏ రాగమో చెప్పేది మీరే కదా." జనం ఏమంటారే అన్నాను. "సూది గుచ్చేముందు నేనూ జనం ఏమంటారని ఆలోచిస్తే మా వార్డులో రోగులు బతికినట్టే" అని కంచం తీసుకుని లేచింది. డబ్బు సంగతి కూడా ఉస్తాతో తనే ఫోనులో మాట్లాడేసింది. నాకు మిగిల్చింది ఒక్క చెవి పని.

నిజానికి ఆ రాత్రి నేను కాదనకపోవడానికి ఇన్సాఫ్ నోరు ఒక్కటే కారణం కాదు. ఉడికిన చిక్కుళ్ళ ఖాళీ డబ్బా ఒకటి ఉంది మా ఇంట్లో. దాని మూతి మీద షురూఖ్ రబ్బరు బ్యాండ్లు బిగించి టింగుటింగుమని మీటుతూ ఉండేది, బళ్ళో ఎవరో ఊద్ తెచ్చి వాయించినప్పటి నుంచీ అదే ఆట. నేను అవతలి గదిలో నడుం వాల్చి ఉన్నాను. మొదటి బ్యాండు పలికింది, రెండోది పలికింది, మూడోది పలికేసరికి లేచి కూర్చున్నాను. అది పైకీ పోలేదు, కిందికీ రాలేదు, రెండు స్వరాల మధ్య సందులో ఎక్కడ ఉండాలో అక్కడ ఉంది, పియానో మెట్ల మీద ఎంత వెతికినా దొరకని చోట, మావాళ్ళు సీకా అని పిలిచే చోట. ఎవరు చెప్పారు ఈ పిల్లకి? బ్యాండు లాగుతుంది, మీటుతుంది, మొహం చిట్లిస్తుంది, ఒక వెంట్రుకంత జరుపుతుంది, మళ్ళీ మీటుతుంది, అప్పుడు మొహం విప్పుకుంటుంది. నా మొహం కూడా సరిగ్గా అప్పుడే విప్పుకుందని నాకు తెలుసు. భయం వేసింది. ఇంట్లో ఎవరో నా జేబులో చెయ్యి పెట్టి, నేను దాచుకున్నదేదో బయటికి తీసి చూస్తున్నట్టు. మళ్ళీ పడుకున్నాను, నిద్ర రాలేదు.

"ముందు పెళ్ళికూతురిని చూడండి" అంటూ ఉస్తా ఫంగరీ ఒకదాన్ని కొక్కెం నుంచి దించాడు. బేరికాయను నిలువునా కోసినట్టుండే బొజ్జ, పొట్టి మెడ, వెనక్కి విరిచిన తల, ఏ ఊద్‌కైనా అంతే, కానీ దీని ఒళ్ళంతా ముత్యపు చిప్ప పొదిగారు, కదిలిస్తే గోడల మీద మెరుపులు పాకాయి. షురూఖ్ ఊపిరి బిగపట్టింది. "గోడకి తగిలిస్తే అత్తగారు కూడా మెచ్చుకుంటుంది" అన్నాడు ఉస్తా.

"వాయిస్తే?"

"వాయించినా మెచ్చుకుంటుంది మౌలానా, అత్తగారికి చెవుడుంటే."

వాయించాడు. నిజమే చెప్పాడు. అంత వార్నిషు కింద చెక్క ఊపిరాడక గొణిగింది. నవ్వొచ్చింది, నవ్వాను, వెంటనే వీధి వైపు చూశాను. ఎవరో తెల్లగడ్డం మనిషి పోతున్నాడు, హాజీ షర్బీనీ అనుకుని తలుపు చాటుకి ఇంకా జరిగాను, ఆయన కాదు, ఎవరో పరుపులవాడు. హాజీ షర్బీనీకి మా సందు మొదట్లో సుగంధ ద్రవ్యాల అంగడి ఉంది, మసీదు పెద్దల్లో ఒకడు, మంచివాడే, ఇన్సాఫ్ ఆపరేషనప్పుడు రాత్రంతా ఆసుపత్రి మెట్ల మీద నాతో కూర్చున్నాడు. కానీ తీగ మోగే ఇంట్లోకి దేవదూతలు అడుగు పెట్టరని ఆయన నమ్మకం, ఆ నమ్మకాన్ని సొంత కూతురి పెళ్ళిలో కూడా సడలించలేదు. నా నమ్మకం ఏమిటి? ఇన్నేళ్ళూ ఎవరూ అడగలేదు కాబట్టి నేనూ చెప్పలేదు. నా గురువు షేక్ మహ్రూస్‌ది ఏమిటో కూడా ఆయన నోటితో చెప్పలేదు. ఆయన అంధుడు. తెల్లవారి ఫజర్ నమాజయ్యాక నా భుజం పట్టుకుని ఇంటికి నడిచేవాడు, దారిలో ఒక కిటికీ కింద రోజూ ఆగేవాడు, మోకాలు నొప్పిరా నాయనా, కాస్త ఆగు అని. పైన ఎవరో తెల్లవారుజామున ఊద్ సాధన చేసేవారు. ఆ మనిషి వాయించడం ఆపిన క్షణంలో మా గురువు మోకాలు నొప్పి తగ్గిపోయేది. ఒకరోజు కిటికీ మూసి ఉంది, మేం ఆగకుండా నడిచాం. ఆయన ఆ రోజంతా ఎవరితోనూ మాట్లాడలేదు.

రాగాలన్నీ ఆయన దగ్గరే నేర్చాను, వీధుల్లా నేర్పాడు, ఇదిగో ఇక్కడ మలుపు, ఇక్కడ మెట్టు, చీకట్లో కూడా తెలియాలి అని. తెల్లవారి అజాన్‌కి సబా, మధ్యాహ్నానికి రాస్త్, పొద్దు గూకే వేళకి సీకా, అది మా మసీదు వాడుక. ఆయన పోయాక మినార్ నాదైంది. తర్వాత పెట్టె వచ్చింది. ఊరంతటికీ ఒకటే గొంతు, ఒక చోట నుంచి రేడియోలో వస్తుంది, ప్రతి మసీదులో ఒక పెట్టె దాన్ని అందుకుంటుంది. తప్పని ఎలా అనను? రెండు సందుల్లో నలుగురం నాలుగు శ్రుతుల్లో పోటీపడి అరిచేవాళ్ళం, రోగులు, పసిపిల్లలు, పరీక్షల పిల్లలు, అందరికీ తలనొప్పి. ఇప్పుడు వినిపించే గొంతు మంచి గొంతు, నేను వంక పెట్టలేను. నాకు మసీదు తలుపులు, చాపలు, లోపల నమాజుకి నిలబడేముందు పలికే ఇఖామత్ మిగిలాయి, ఆ పెట్టె కూడా, వైరు వదులైతే స్క్రూడ్రైవరు తీసుకుని నేనే బిగిస్తాను. షురూఖ్ ఆ పెట్టె తర్వాత పుట్టింది. బళ్ళో మీ నాన్న ఏం చేస్తారని అడిగితే మసీదులో కరెంటు పని అని చెప్పిందట. వాళ్ళ టీచరు మా ఇంట్లో ఫ్యాను తిరగడం లేదు, ఒకసారి వచ్చి చూస్తారా అని నన్ను అడిగినప్పుడు తెలిసింది. వెళ్ళి ఫ్యాను బాగు చేసి వచ్చాను. ఇన్సాఫ్ నవ్వీ నవ్వీ కూలబడింది. నేనూ నవ్వాను. ఆ తర్వాత డాబా మీదకి వెళ్ళి పావురాల గూడు పక్కన చాలాసేపు నిలబడ్డాను.

"ఇది వేరే రకం" అన్నాడు ఉస్తా, ఈసారి జోకు లేకుండా. లోపలి గదిలోంచి తెచ్చాడు. అక్రోటు చెక్క పట్టీలు ఒకదాని పక్కన ఒకటి, అతుకు ఎక్కడో వేలికి కూడా తెలియదు, మొహం లేత తేనెరంగు. మీటే ఈకని వేళ్ళ మధ్య పెట్టుకుని బొంగురు తీగ నుంచి మొదలుపెట్టాడు.

ఏమైందో చెప్పాలంటే, తస్బీ ఆగింది. వీధి వైపు చూడటం మరిచిపోయాను. ఆ శబ్దం గది మధ్యలోకి నడిచొచ్చి చాప పరుచుకుని కూర్చుంది. ఉస్తా రాస్త్ మెట్లు ఎక్కుతున్నాడు, నేను ప్రతి మెట్టుకీ ముందే అక్కడ నిలబడి ఉన్నాను, మూడో మెట్టు దగ్గర ఆగాడు, ఆగి కొంచెం వణికించాడు, నా లోపల ఎన్నేళ్ళుగానో తాళం వేసి ఉన్న గది తలుపు దానంతటదే కిర్రుమంది. ఇది కావాలి. వెంటనే లెక్కలు వచ్చేశాయి, పిల్ల ఎదుగుతుంది కదా, పెద్దయ్యాక కూడా పనికొస్తుంది, ఏడాదికోసారి మార్చేకంటే ఒకేసారి మంచిది కొంటే నయం, తను బడికి వెళ్ళినప్పుడు ఎవరైనా దుమ్ము తుడుస్తూ ఉండొచ్చు, తుడిచే మనిషి ఒక తీగ మీటితే ఏమవుతుంది, కిటికీలు మూసుకుంటే ఎవరికి వినిపిస్తుంది?

"పాపకి ఇవ్వండి, పట్టుకోనివ్వండి" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

షురూఖ్ ఒళ్ళోకి తీసుకుంది. ఆ బొజ్జ వెనక పిల్ల మాయమైంది. కుడి చెయ్యి దాని నడుం చుట్టూ తిరిగి తీగల దాకా రావడానికి భుజం చెవి దాకా లేవాల్సి వచ్చింది, ఎడమ చెయ్యి మెడ చివరికంటా చాపితే మోచెయ్యి కర్రలా బిగిసింది, గడ్డం చెక్క అంచు మీద ఆనింది. ఒక తీగ మీటింది. బాగా మోగింది. చెక్క మీదుగా నా మొహంలోకి చూసింది, ఉస్తా వైపూ చూడలేదు, ఊద్ వైపూ చూడలేదు.

"బాగుంది నాన్నా" అంది. "ఇదే బాగుంది. సరిపోయింది."

నా మొహం చూసి అంది. నా మొహంలో ఏముందో అదే తన నోట్లోంచి వచ్చింది. ఆ మాట నాకు తెలుసు, ఆ మాట నేను కూడా అన్నాను, ఈ పిల్లకంటే చిన్నవాణ్ణి, షేక్ మహ్రూస్ నన్ను మినార్ మెట్లెక్కించి పెద్దవాళ్ళ శ్రుతిలో అజాన్ ఇమ్మన్న రోజుల్లో. నా ఛాతీ అంత లేదు, గొంతు చీరుకుపోయేది, కిందికి దిగి పక్కకి ఉమ్మితే ఎర్రగా పడేది. ఎలా ఉందిరా అని అడిగేవాడు. బాగుంది, సరిపోయింది అనేవాణ్ణి. ఆయనకి కళ్ళు లేవు, నాకు నోరు లేదు. ప్రేమ లేక కాదు ఆయన అలా చేసింది, తన గొంతు ముసలిదైపోతోంది, ఎవరో ఒకరిలోంచి అది మళ్ళీ పైకి లేవాలని తొందర. ఆ తొందర ఎలా ఉంటుందో ఇప్పుడు తెలుస్తోంది, ఇదిగో ఇలా అరచేతుల్లో చెమటలా ఉంటుంది.

"తీసెయ్ తల్లీ" అన్నాను. "మెల్లగా. ఉస్తాకి ఇచ్చెయ్."

"ఎందుకు? బాగుందన్నాను కదా."

"అన్నావు. చిన్నది చూపించండి ఉస్తా."

ఫంగరీ కళ్ళు చిట్లించి నన్ను చూశాడు. మూల నుంచి ఒక చిన్నదాన్ని తెచ్చాడు. పొదుగులు లేవు, మెరుపు లేదు, మెడ పొట్టి. అది షురూఖ్ ఒళ్ళో పిల్లిలా సర్దుకుంది. మోచెయ్యి వంగింది, భుజం దిగింది, వేళ్ళు తీగల మీద వాటంతటవే వాలాయి. పిల్ల మొహం చూసి బతికాం అనుకున్నాను. మీటింది. బతకలేదు. మూత పెట్టిన గిన్నె మీద గరిటెతో కొట్టినట్టుంది. మళ్ళీ మీటింది, పిల్ల ముక్కు ముడుచుకుంది, ఆ ముడత నాకు తెలుసు, రబ్బరు బ్యాండు సరిగ్గా లేనప్పటి ముడత.

"కొత్త చెక్క కదా, వాయించగా వాయించగా తెరుచుకుంటుంది" అన్నాడు ఉస్తా.

"ఎన్నాళ్ళకి?"

"చెక్క ఇష్టం."

"అప్పటిదాకా పిల్ల దీన్నే వినాలా?"

ఎదురు గోడ మీద ఎండ నారింజ కూడా వదిలేస్తోంది. వెళ్ళాలి. ఏదో ఒకటి కట్టించుకుని వెళ్ళాలి. మూడు అడుగులు తలుపు వైపు, మూడు అడుగులు వెనక్కి, మధ్యలో రంపప్పొట్టు, జిగురు వాసన, జుబ్బా అంచుకి చెక్కపేళ్ళు. పెద్దదానికి గొంతుంది, పిల్లకి ఒళ్ళు లేదు. చిన్నదానికి ఒళ్ళుంది, గొంతు లేదు. గొంతు లేదా? తీగలు వదులుగా కొట్టుకుంటున్నాయి, మీటినప్పుడు వణుకు మరీ వెడల్పు. మోగక కాదు, మోగాల్సిన చోట కాకుండా ఇంకెక్కడో మోగిస్తున్నారా?

"దీన్ని ఏ శ్రుతికి కట్టారు ఉస్తా?"

"పెద్దవాటి శ్రుతికే. తరగతిలో అందరితో కలవాలని తల్లిదండ్రులు అలాగే అడుగుతారు. వద్దంటే నాకు పని రాదంటారు. చెప్పీ చెప్పీ విసుగొచ్చి మానేశాను."

నేను షురూఖ్ ముందు నేల మీద కూర్చున్నాను, వీధి నుంచి చూస్తే ఎలా ఉంటానో తర్వాత ఆలోచించాను. ఒక అరచెయ్యి ఊద్ మొహం మీద పరిచాను, తీగల కింద, మోత బయటికొచ్చే జాలీ రంధ్రం పక్కన. జాలీకి నోరు దగ్గర పెట్టి మెల్లగా ఆ అన్నాను, మాటల్లేకుండా, కింద నుంచి. చెక్క పలకలేదు. కొంచెం పైకి జరిగాను. పలకలేదు. ఇంకొంచెం. గురువు చెప్పిన వీధిలో చీకట్లో నడుస్తున్నాను, గోడ తడుముకుంటూ, ఇక్కడ ఎక్కడో తలుపుంది. ఇంకొంచెం పైకి. అప్పుడు అరచేతి కింద అది లేచింది. ముట్టుకోకుండానే, ఎవరూ మీటకుండానే, చెక్క మొత్తం గజగజలాడి నా స్వరాన్ని నాకే తిరిగి ఇచ్చింది. "నాన్నా! కడుపులో కొడుతోంది!" అని షురూఖ్ అరిచింది. ఉందమ్మా, ఉంది, దీనికీ గొంతుంది, పెద్దవాళ్ళ చోట వెతికారు, ఇది పైన ఉంది. అక్కడితో ఆపాల్సింది. ఆపలేదు. ఆపడం నా చేతుల్లో లేకపోయింది. ఆ స్వరం మీద నిలబడి చూస్తే పైన సీకా కనిపించింది, అక్కడికి వెళ్ళాను, అక్కడి నుంచి మలుపు, అక్కడి నుంచి మెట్టు, ఛాతీ తెరుచుకుంది, తల వెనక్కి పోయింది, ఎన్నేళ్ళ తుప్పు గొంతులోంచి రాలిపోతూ ఉంది, మొదట కాస్త గరగర, తర్వాత లేదు. గోడల మీద ఊద్‌లన్నీ ఒక్కొక్కటీ సన్నగా జుమ్మనడం మొదలుపెట్టాయి, ముత్యాల పెళ్ళికూతురు కూడా. ఎక్కడో ఊపిరి అయిపోయింది, అప్పుడు ఆగాను.

తలుపు దగ్గర టీ పళ్ళెంతో ఒక మనిషి, అతని వెనక ఇద్దరు ముగ్గురు, ఎవరూ కదలడం లేదు. ఉస్తా ఫంగరీ టీ గ్లాసు కింద పెట్టాడు.

"మౌలానా, ఏ మసీదు మీది?"

"చిన్న మసీదు. లోపలి సందులో."

"ఈ గొంతు అక్కడ ఏం చేస్తోంది?"

"పెట్టె తుడుస్తోంది" అన్నాను. అతను నవ్వలేదు.

షురూఖ్ నన్ను చూస్తోంది. తెలిసిన ఇంట్లో తెలియని గది కనిపించినట్టు చూస్తోంది. "అజాన్ ఇలాగే ఇచ్చేవాడివా?" అంది.

"ఇంకా గట్టిగా."

"మరి నాకెందుకు చెప్పలేదు? నేను బళ్ళో..." అని ఆగిపోయింది, చెవులు ఎర్రబడ్డాయి. లేచి, మోకాళ్ళ మీది పొట్టు దులుపుకున్నాను. సన్నతీగలు వెయ్యండి ఉస్తా, నేను చూపించిన చోటికి కట్టండి, తీగల ఎత్తు కూడా కొంచెం దించండి, పిల్ల వేళ్ళు మెత్తన, పంతులమ్మతో నేను మాట్లాడతాను అన్నాను. ఇంత మాట ఇంత గట్టిగా చెప్పినందుకు నాకే ఆశ్చర్యం. ఉస్తా పాత తీగలు విప్పి కొత్తవి ఎక్కిస్తున్నంతసేపూ నేను కుర్చీలోనే కూర్చున్నాను, వీధికి ఎదురుగా, కాలు మాత్రం ఆగకుండా ఊగుతూనే ఉంది. లోపలి గది తలుపు మూయలేదు, అక్రోటు చెక్కది కనిపిస్తోంది. దాని వైపు రెండుసార్లు చూశాను. ఉస్తా చూశాడు నేను చూడటం. "అది ఎక్కడికీ పోదు" అన్నాడు మెల్లగా. నేను తస్బీ పూసల్లోకి చూశాను.

బిరడాలు బిగించి ఇచ్చాక షురూఖ్ మీటింది. గిన్నె మూత తీసేశారు. పెద్ద గొంతేమీ కాదు, కానీ గొంతు. పిల్ల ముక్కు మీద ముడత లేదు.

ఇంటి దారంతా అబద్ధాలు కూర్చుకుంటూ నడిచాను. గుడ్డ సంచీ నా భుజానికి ఉంది, దాని ఆకారం చూస్తే కళ్ళులేనివాడికి కూడా తెలుస్తుంది. ఇన్సాఫ్ పనిచేసే చోట ఒక డాక్టరమ్మది, రిపేరుకిచ్చింది, తెచ్చి పెట్టమంది. బాగుంది. లేదా బడిది, బడివాళ్ళది, రేపు తిరిగిచ్చేయాలి. అది ఇంకా బాగుంది. షురూఖ్ పక్కన గంతులు వేస్తోంది, మధ్యమధ్య సంచీ బొజ్జ మీద చెయ్యేసి ఉందో లేదో చూస్తోంది. నిమ్మకాయల బండి దాటాం, ఇస్త్రీవాడిని దాటాం, సందు మొదట్లో అంగడి ముందు కుర్చీలో హాజీ షర్బీనీ, జీలకర్ర బస్తాల మధ్య.

"అస్సలాము అలైకుమ్ హాజీ."

"ఏంటి షేక్ గారూ, భుజాన అంత బుజ్జగించి మోసుకొస్తున్నారు? అల్లుడా?" ఆయన నవ్వుతూనే అన్నాడు, అంటూనే సంచీ ఆకారం చూశాడు, నవ్వు సగంలో ఆగింది.

డాక్టరమ్మ నాలుక చివరికి వచ్చింది. షురూఖ్ గంతులు ఆపి నా మొహంలోకి చూస్తోంది, కొట్లో పెద్ద ఊద్ మీదుగా చూసినట్టే.

"ఊద్, హాజీ. నా కూతురిది."

"పిల్ల ఏడ్చి ఉంటుంది, కొనిచ్చి ఉంటావు."

"ఏడవలేదు. అడిగింది. నేనే దగ్గరుండి ఏరాను."

"నువ్వా?"

"నేనే."

ఆయన చాలాసేపు బస్తాలో చెయ్యి పెట్టి జీలకర్ర అటూ ఇటూ కలిపాడు. ఆపరేషన్ రాత్రి ఆసుపత్రి మెట్ల మీద నా భుజం మీద ఉన్న చెయ్యి అది. "శుక్రవారం పెద్దలందరూ ఉంటారు, అప్పుడు మాట్లాడదాం" అన్నాడు బస్తాతో. సలాముకి బదులు చెప్పలేదు. నేను ఇంకొంచెంసేపు నిలబడి చూశాను, చెబుతాడేమోనని. చెప్పలేదు. నడిచాం. శుక్రవారం ఏమంటారు, తాళాలు ఇచ్చెయ్యమంటారా, ఇచ్చేస్తే ఏం తింటాం, ఇన్సాఫ్ జీతంతో ఎన్నాళ్ళు, ఊరుకుంటారేమో, మందలించి వదిలేస్తారేమో, వదలకపోతే?

"నాన్నా, తీగ జారింది" అంది షురూఖ్.

"ఏంటి?"

"కొత్త తీగలు జారతాయని ఆ తాత చెప్పాడు కదా. నడుస్తుంటే లోపల మోగింది. జారింది."

ఇంటికెళ్ళాక చూద్దాం అనేలోగా మూసి ఉన్న దుకాణం అరుగు మీద కూర్చుని సంచీ విప్పేసింది. ఒళ్ళో పెట్టుకుని మీటింది. జారిన మాట నిజమే. రెండు చేతులతో బిరడా పట్టుకుని, "స్వరం ఇవ్వు" అంది, మంచినీళ్ళు అడిగినట్టు.

అటూ ఇటూ చూశాను. సందులో మనుషులున్నారు. గొంతు బాగా తగ్గించి, గడ్డంలోకి అన్నాను.

షురూఖ్ బిరడా తిప్పబోయి ఆగింది. తల అడ్డంగా ఊపింది. "ఇది కాదు. నువ్వు కిందికి వచ్చేశావు."

"లేదమ్మా, ఇదే."

"కాదు నాన్నా. కొట్లో ఇంకా పైన ఉంది. నువ్వు జారావు."

కోపం వచ్చింది. నాకా చెబుతోంది, షేక్ మహ్రూస్ శిష్యుడికి, డబ్బా మీద రబ్బరు బ్యాండ్లు కట్టుకునే పిల్ల. లోపల వెతుక్కున్నాను, కొట్లో అరచేతి కింద చెక్క లేచిన చోటు ఎక్కడ, దాని పక్కన ఇప్పుడు నేనన్నది పెట్టి చూశాను. వెంట్రుకంత. వెంట్రుకంత కింద ఉంది. భయం బరువు అంతే ఉంటుంది కాబోలు. పిల్ల చెప్పింది నిజం.

తల ఎత్తి, ఊపిరి నిండా తీసుకుని, ఆ స్వరాన్ని ఎక్కడ ఉండాలో అక్కడ పెట్టాను. గొంతు తగ్గించి అక్కడ నిలవడం కుదరదు. సందు రెండు గోడలూ అందుకున్నాయి. షురూఖ్ బిరడా తిప్పుతోంది, తీగ మెల్లగా పైకి వస్తోంది, వచ్చి నా పక్కన నిలబడింది.

పైన మూడో అంతస్తులో కిటికీ రెక్క ధడాలున తెరుచుకుంది. రంజాను కాకపోయినా వారానికి రెండు రోజులు ఉపవాసముండే ముసలావిడ, చేతిలో ఖర్జూరం కూడా కనిపిస్తోంది. "షేక్ బయ్యూమీ! మగ్రిబ్ అయిందా? ఉపవాసం విడవనా నాయనా?"

"ఇంకా లేదమ్మా, ఇంకా లేదు! తినకండి!" అన్నాను కంగారుగా. "అజాన్ కాదమ్మా. మా పాపకి శ్రుతి ఇస్తున్నాను."

ఆవిడ ఖర్జూరాన్ని కిటికీ అంచు మీద పెట్టింది. తర్వాత, "నువ్వు ఊరొదిలి వెళ్ళిపోయావనుకున్నాను" అంది. కిటికీ మూయలేదు.

షురూఖ్ రెండో తీగ మీద వేలు పెట్టింది. "ఇప్పుడు దీనిది ఇవ్వు" అంది.